ఓపెన్ సోర్స్ కోడ్‌కి పేటెంట్ నోటీసు వస్తే: ఒక కాటా ప్రోగ్రామ్ నాకు నేర్పిన పనులు

మాది గుంటూరు. మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు, వేబ్రిడ్జిలకు సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. లారీ కాటా ఎక్కితే ఇండికేటర్ (బరువు చూపే పెట్టె) నుంచి బరువు ఆర్‌ఎస్-232 కేబుల్ మీదుగా కంప్యూటర్‌కి వస్తుంది. దాన్ని చదివి, గ్రాస్ (సరుకుతో), టేర్ (ఖాళీ లారీ), నెట్ (సరుకు) బరువులు లెక్కగట్టి చీటీ ముద్రించే చిన్న లైబ్రరీ (వేరే ప్రోగ్రాముల్లో కలుపుకునే కోడ్) ఒకటి 2008లో రాసుకున్నాను. ఒక్కో ఇండికేటర్‌ది ఒక్కో తీరు. ఒకటి 2400 బాడ్ వేగంలో పంపుతుంది, ఇంకొకటి 9600లో. ఒకటి బరువు ముందు ప్లస్ గుర్తు పెడుతుంది, మరొకటి అంకెల్ని తిరగేసి పంపుతుంది. ఈ తలనొప్పి ఇంకెవరికీ వద్దని ఆ కోడ్‌ని ఎవరైనా చూసి, వాడుకునేలా ఓపెన్ సోర్స్‌గా పెట్టేశాను.

2019లో ఒక రాత్రి అమెరికా నుంచి ఫోన్. నరసరావుపేట కుర్రాడు, టెక్సాస్‌లో పాత ఇనుము కొనే యార్డులకు సాఫ్ట్‌వేర్ అమ్ముతాడట. నా లైబ్రరీ వాడుతున్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

"అన్నా, మీ కోడ్ మీద నాకు పేటెంట్ నోటీసు వచ్చింది. నలభై వేల డాలర్లు కట్టమంటున్నారు."

నాకు ఒక్క నిమిషం నోట మాట రాలేదు. కాటా మీద బరువు చదివినందుకు పేటెంటా? ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆ కుర్రాడూ, వాళ్ల లాయరూ, నేనూ కలిసి పడ్డ పాట్లలోంచి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. నేను లాయర్ని కాదు. నోటీసు చేతికొచ్చాక లాయరు లేకుండా అడుగు వేయకండి. కానీ నోటీసు రాకముందు చేసుకోవలసిన పనులు చాలా ఉన్నాయి. వాటికి లాయరు అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

నోటీసు వచ్చిన రోజు

ఇది చివర్లో చెప్పాల్సిన మాట. కానీ ఇలాంటివి వెతుక్కుని చదివేవాళ్లలో సగం మంది చేతిలో ఇప్పటికే ఆ కాగితం ఉంటుంది కాబట్టి ముందే చెబుతున్నా.

వెంటనే జవాబు రాయకండి. మా కుర్రాడు ఆ రాత్రే "మేము మీ పేటెంట్‌ని తప్పించుకునేలా మార్చేస్తాం" అని మెయిల్ టైపు చేసి, పంపేముందు నాకు చూపించాడు. ఆపించాను. అది పంపి ఉంటే ఇన్నాళ్లూ దాని మీదే నడిపాం అని మనమే ఒప్పుకున్నట్టు అయ్యేది.

కోడ్ తీసేయకండి. రిపోజిటరీని (కోడ్ పెట్టే ఆన్‌లైన్ చోటుని) దాచడం, పాత రిలీజులు చెరిపేయడం మొదట తట్టే ఆలోచన. చాలా చెడ్డ ఆలోచన కూడా. అమెరికాలో వ్యాజ్యం వస్తుందని తెలిశాక సాక్ష్యాలు చెరిపితే అదే పెద్ద నేరంలా కనిపిస్తుంది. పైగా మనల్ని కాపాడే పాత తేదీలు కూడా అందులోనే ఉంటాయి.

ప్రాజెక్టు చాట్‌లో, ఇష్యూల్లో (తప్పులు రాసే పేజీల్లో) దాని గురించి చర్చ పెట్టకండి. "అవును, మనది అచ్చం ఇలాగే పనిచేస్తుంది కదా" అని ఎవడో ఉత్సాహంగా రాస్తాడు. అది రేపు కోర్టులో ప్రింటవుట్ అయి వస్తుంది. అక్కడ తెలిసీ ఉల్లంఘించారని తేలితే నష్టపరిహారాన్ని మూడు రెట్ల దాకా పెంచే అధికారం జడ్జికి ఉంది. అందుకే చాలా పెద్ద కంపెనీలు మా ఇంజనీర్లు పేటెంట్లు చదవొద్దు అని చెబుతాయి. నా మటుకు నేను అమెరికా పేటెంట్ల కోసం పనిగట్టుకుని వెతకను. నోటీసులో నంబరు రాసి మరీ పంపితే మాత్రం చదవక తప్పదు.

ఇక లాయరు ద్వారా అవతలివాళ్లను అడగాల్సినవి రెండే ప్రశ్నలు. ఏ పేటెంట్‌లో ఎన్నో క్లెయిమ్ (ఇది మాది అని హక్కు కోరే వాక్యం)? మా ప్రోగ్రాములో ఏ భాగం? గంపగుత్తగా వందల మందికి నోటీసులు పంపేవాళ్ల దగ్గర ఈ రెండో ప్రశ్నకి జవాబు తరచూ ఉండదు. వాళ్లు సరుకేమీ తయారు చేయరు. ఎక్కడో కొన్న పేటెంట్ పట్టుకుని, కోర్టు ఖర్చుకన్నా కాస్త తక్కువ మొత్తం అడుగుతారు. భయపడి కట్టేవాళ్లే వాళ్ల బేరం.

కట్టకుండా నిలబడ్డవాళ్లున్నారు. 2019లో, లైనక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ ఫౌండేషన్ మీద రోత్‌షీల్డ్ పేటెంట్ ఇమేజింగ్ అనే సంస్థ దావా వేసింది. గొడవల్లా షాట్‌వెల్ అనే ఫోటోల ప్రోగ్రాము మీద. కెమెరా నుంచి ఫోటోలు వైర్‌లెస్‌గా పంపే పద్ధతి మాది అన్నారు. ఐదంకెల డాలర్లు ఇస్తే వదిలేస్తామన్నారు. గ్నోమ్‌వాళ్లు ఒప్పుకోలేదు. చందాలు అడిగితే నాలుగు వేల మందికి పైగా కలిసి లక్షన్నర డాలర్లు దాటించారు. 2020 మేలో రాజీ కుదిరింది. గ్నోమ్ ఒక్కదాన్నే కాదు, గుర్తింపు పొందిన ఓపెన్ సోర్స్ లైసెన్సుతో వచ్చే ఏ సాఫ్ట్‌వేర్ మీదా ఆ పేటెంట్లతో దావా వేయబోమని రాసిచ్చారు. 2022లో ఆ పేటెంట్‌ని అమెరికా పేటెంట్ ఆఫీసే మళ్లీ పరిశీలించి కొట్టేసింది.

మా కుర్రాడికి అంత మంది వెనక లేరు. అందుకే మేం ఇంకో దారిలో వెళ్లాం.

పేటెంట్‌ని వెనక నుంచి చదవండి

గూగుల్ పేటెంట్స్‌లో నంబరు కొడితే మొత్తం పత్రం వస్తుంది. మొదటి పేజీలో సారాంశం, ఆపైన బొమ్మలు, తర్వాత పది ఇరవై పేజీల వర్ణన. అది చదివితే ప్రపంచంలో కాటాలన్నీ వాళ్లే కనిపెట్టారేమో అన్నంత బెంగ పుడుతుంది. వదిలేయండి. అమెరికా పత్రంలో చివర ఉండే క్లెయిముల దగ్గరికి వెళ్లండి. హక్కు అంతా అక్కడే ఉంది. పొలం ఎంత బాగుందో వర్ణించేది ముందు భాగం. హద్దురాళ్లు క్లెయిముల్లో ఉంటాయి.

క్లెయిముల్లోనూ సొంత కాళ్ల మీద నిలబడేవి మొదట చూడాలి. "క్లెయిమ్ 1లో చెప్పిన పద్ధతిలో…" అని మొదలయ్యేవి 1వ దానికి తోకలు. 1 మీకు వర్తించకపోతే ఆ తోకలూ వర్తించవు.

మాకు వచ్చిన దాంట్లో క్లెయిమ్ 1ని ముక్కలు చేసి కాగితం మీద రాసుకున్నాం. లాయర్ల భాష తీసేస్తే ఇంతే:

అ) తూకం యంత్రం బరువు సంకేతం పంపుతుంది.
ఆ) ఆ బరువు ఊగడం ఆగి స్థిరపడిందని కంప్యూటర్ తేలుస్తుంది.
ఇ) స్థిరపడగానే కెమెరా వాహనాన్ని ఫోటో తీస్తుంది.
ఈ) ఆ ఫోటోలోంచి వాహనం నంబరును గుర్తిస్తుంది.
ఉ) బరువు, ఫోటో, నంబరు ఒకే రికార్డుగా దూరంలో ఉన్న సర్వరుకి పంపుతుంది.

పక్కన రెండు గళ్లు గీశాం. ఒకటి "మా ప్రోగ్రాములో ఉందా?" రెండోది "పేటెంట్‌కి ముందే లోకంలో ఉందా?" ఈ రెండు గళ్లకీ సూత్రం ఒక్కటే: అన్ని ముక్కలూ ఉండాలి. ఐదింటిలో ఒక్కటి మీ ప్రోగ్రాములో లేకపోయినా అక్షరాలా చూస్తే ఉల్లంఘన కాదు. ఐదూ ఒకే పాత పత్రంలో ఉంటే పేటెంట్‌కి కొత్తదనం లేదు. నాలుగే ఉంటే, ఐదోది ఆ పనిలో ఉన్నవాడు ఎవడైనా చేర్చేదే కదా అని విడిగా వాదించాలి. అది కష్టమైన వాదన.

మొదటి గడి నింపేటప్పుడు మా కుర్రాడు "ఈ" దగ్గర ఆగాడు.

"అన్నా, నంబరు ఫోటోలోంచి తీయడం లేదు. కాటా దగ్గర కూర్చున్న మనిషి టైపు చేస్తాడు."

"ఖాయమేనా?"

"ఖాయం. అది చేద్దామనుకుని బద్ధకించా."

వాడి బద్ధకం నలభై వేల డాలర్లు మిగిల్చింది. అయితే లాయరు ఒక్కసారిగా సంబరపడనివ్వలేదు. ఒక ముక్క బదులు దానికి సమానమైన పని ఇంకోటి చేస్తున్నా ఉల్లంఘనే అనే వాదన అక్కడి కోర్టుల్లో ఉందట. మనిషి టైపు చేయడం, కెమెరా చదవడం సమానం కాదని ఒక పేజీ రాశారు. దాంతోపాటు రెండో గడి కూడా నింపి పంపుదాం, బలంగా ఉంటుంది అన్నారు. అక్కడే నా బండారం బయటపడింది.

తేదీ ఉన్న కోడే కోడ్

ఆ పేటెంట్‌కి దరఖాస్తు 2011 మార్చిలో పెట్టారు. నా లైబ్రరీలో ఫోటో తీసే ఏర్పాటు 2009 నవంబరు నుంచి ఉంది. దొంగతనం జరగకుండా ఒక కోల్డ్ స్టోరేజీ యజమాని అడిగితే వెబ్‌క్యామ్ తగిలించాను. కాబట్టి నాకు ఢోకా లేదనుకున్నా. కానీ రుజువేదీ?

నా గిట్ (కోడ్ మార్పుల్ని తేదీలతో దాచే ప్రోగ్రాము) చరిత్ర 2013లో మొదలవుతుంది. అంతకుముందు జిప్ ఫైళ్లుగా ఒక ఉచిత హోస్టింగ్‌లో పెట్టేవాణ్ని. ఆ హోస్టింగ్ ఎప్పుడో మూతపడింది. 2013లో అంతా ఒకే కమిట్‌గా (ఒక్క మార్పుగా) ఎక్కించేశాను, దాని పేరు "మొదటి దిగుమతి". ఐదేళ్ల పని ఒక్క గీతలో సమాధి.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని వేబ్యాక్ మెషీన్ నన్ను కాపాడింది. నా పాత డౌన్‌లోడ్ పేజీని 2009 డిసెంబరులో అది ఒకసారి తీసి పెట్టుకుంది. జిప్ ఫైలు లేదు, పేజీ మాత్రమే ఉంది. అందులో 0.4 రిలీజు కింద ఒక్క వాక్యం: "బరువు స్థిరపడగానే వెబ్‌క్యామ్ ఫోటో తీసి చీటీతో కలిపి ఆఫీసు సర్వరుకి పంపుతుంది." ఆ రోజు ఓపిక లేక "చిన్న చిన్న మార్పులు" అని రాసి ఉంటే నా గతి ఏమయ్యేది! అ, ఆ, ఇ, ఉ నాలుగు ముక్కలకీ (నంబరు సంగతి తీసేస్తే) ఆ వాక్యమే సాక్ష్యం.

అప్పటి నుంచి నేను చేస్తున్నవి ఇవి. ప్రతి రిలీజుకీ చేంజ్‌లాగ్‌లో (మార్పుల జాబితాలో) ఏమి చేర్చానో మాత్రమే కాదు, అది ఎలా పనిచేస్తుందో రెండు మూడు వాక్యాలు రాస్తాను. పేటెంట్ పరిశీలించే మనిషి సీ++ చదవడు, వాక్యం చదువుతాడు. గిట్ తేదీని మాత్రమే నమ్ముకోను, ఎందుకంటే కమిట్ తేదీ మన ఇష్టం. ఒక్క ఆదేశంతో 1995 అని కూడా రాయించవచ్చు, ఆ సంగతి అవతలి లాయరుకీ తెలుసు. మన చేతిలో లేని తేదీ కావాలి. అందుకని రిలీజు పేజీని వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేయిస్తాను. 2016లో మొదలైన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ అనే భాండాగారంలో రిపోజిటరీ లింకు ఇస్తే అది మొత్తం చరిత్రని కాపీ చేసి దాస్తుంది. పైథాన్ ప్యాకేజీ అయితే పైపీఐ అనే ప్యాకేజీల గిడ్డంగిలో ఎక్కించిన రోజు అక్కడ నమోదవుతుంది. ఈ మూడూ కలిపి పది నిమిషాల పని.

ఇంకో సంగతి. మీకు మంచి ఆలోచన వచ్చి, దాన్ని మీరు పేటెంట్ చేయదలుచుకోకపోతే, కోడ్ రాయకపోయినా సరే, వివరంగా రాసి బయట పెట్టేయండి. ఒకసారి లోకానికి తెలిసింది ఇంకొకడు కొత్తగా కనిపెట్టాననడానికి వీల్లేదు. అలా పెట్టాక మీకూ పేటెంట్ రావడం కష్టం, అది గుర్తుంచుకునే పెట్టండి.

మన చట్టం ఏమంటుందో, ఎంతవరకు నమ్మాలో

పేటెంట్‌కి దేశం హద్దు ఉంటుంది. అమెరికా పేటెంట్‌తో గుంటూరులో నన్ను ఎవరూ ఏమీ చేయలేరు. కానీ నా కోడ్ టెక్సాస్‌లో నడుస్తుంది. నోటీసు ఆ కోడ్‌ని నడిపేవాడికి వెళుతుంది, అసలు రాసినవాడికి కాదు. ఓపెన్ సోర్స్‌లో ఉన్న ఇబ్బంది ఇదే.

మన పేటెంట్ చట్టం 1970 నాటిది. 2002 సవరణతో సెక్షన్ 3(కె) వచ్చింది. గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, అల్గారిథమ్, ఇంకా కంప్యూటర్ ప్రోగ్రామ్ "పర్ సే", అంటే ఉత్త ప్రోగ్రాముగా, ఇవేవీ ఆవిష్కరణలు కావని అది చెబుతుంది. ఆ "పర్ సే" అనే రెండు ముక్కల చుట్టూ ఇరవై ఏళ్లుగా పెనుగులాట జరుగుతోంది. 2004 డిసెంబరు చివర్లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, పరిశ్రమలో సాంకేతిక వినియోగం ఉన్నా, హార్డ్‌వేర్‌తో కలిసినా పేటెంట్ ఇవ్వచ్చు అంది. 2005లో పార్లమెంటు చట్టం చేసేటప్పుడు ఆ మాటని వదిలేసింది. పదేళ్లకి, 2015 ఆగస్టులో, పేటెంట్ ఆఫీసు మార్గదర్శకాల్లో తలుపు మళ్లీ తెరిచింది. గోల రేగితే డిసెంబరుకి పక్కన పెట్టింది. 2016 ఫిబ్రవరిలో కొత్త హార్డ్‌వేర్ ఉంటేనే అని బిగించింది. 2017 జూన్‌లో ఆ షరతు తీసేసింది. 2019 డిసెంబరులో ఫెరిద్ అలానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, సాంకేతిక ప్రభావం చూపిస్తే ప్రోగ్రాముతో కూడిన ఆవిష్కరణకీ పేటెంట్ అడగొచ్చు అంది.

కాబట్టి "ఇండియాలో సాఫ్ట్‌వేర్ పేటెంట్లు లేవు" అని ఎవరైనా అంటే సగమే నమ్మండి. అమెరికా మాత్రం అటు నుంచి కాస్త ఇటు జరిగింది. 2014 జూన్‌లో ఆలిస్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, పాత ఆలోచనని మామూలు కంప్యూటర్‌లో పెట్టినంత మాత్రాన పేటెంట్ రాదు అని చెప్పింది. మా లాయరు జవాబులో ఆ తీర్పుని కూడా ప్రస్తావించారు. యూరప్‌లో 2005 జూలై 6న సాఫ్ట్‌వేర్ పేటెంట్ల ఆదేశాన్ని పార్లమెంటు 648 – 14 ఓట్లతో తిప్పికొట్టింది. అయినా అక్కడా సాంకేతిక ముసుగులో పేటెంట్లు వస్తూనే ఉన్నాయి.

మన దగ్గర సామాన్యుడి చేతిలో ఒక మంచి ఆయుధం ఉంది, వాడేవాళ్లే తక్కువ. దరఖాస్తు మామూలుగా 18 నెలలకు ప్రచురణ అవుతుంది. పేటెంట్ ఆఫీసు జర్నల్ ప్రతి శుక్రవారం వెబ్‌సైట్‌లో వస్తుంది. ప్రచురణ అయినప్పటి నుంచి పేటెంట్ మంజూరు అయ్యేలోపు సెక్షన్ 25(1) కింద ఎవరైనా, అంటే ఆ వ్యాపారంతో సంబంధం లేనివాళ్లు కూడా, ఫారం 7ఎతో అభ్యంతరం వేయవచ్చు. ఇది ముందే లోకంలో ఉంది, ఇది తెలిసినవాడికి స్ఫురించేదే, ఇది 3(కె) కింద ఆవిష్కరణే కాదు… ఇవన్నీ చెల్లే కారణాలే. మంజూరు అయిపోయాక ఒక ఏడాదిలోపు వేయవచ్చు గానీ అప్పుడు సంబంధం ఉన్నవాళ్లకే అవకాశం. ఫీజు పట్టిక ఆఫీసు వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఆంధ్ర, తెలంగాణ దరఖాస్తులకు మన ఆఫీసు చెన్నై. నేను నెలకోసారి జర్నల్‌లో "వెయింగ్", "వేబ్రిడ్జ్" అని వెతుకుతాను. టీ తాగినంత సేపు పడుతుంది.

లైసెన్సు మార్చడం అనే ఏడుపు

నా లైబ్రరీ మొదట ఎం.ఐ.టి. లైసెన్సు మీద ఉండేది. పొట్టిగా ఉంది, చదవడానికి బాగుంది అని పెట్టుకున్నా. దాంట్లో పేటెంట్ అనే మాటే లేదు. అంటే నాకు కోడ్ పంపినవాడే రేపు "అందులో నా పేటెంట్ ఉంది" అంటే, అనుమతి ఇచ్చినట్టే కదా అని వాదించుకోవాలి తప్ప చూపించడానికి గీత లేదు.

అపాచీ 2.0 లైసెన్సు 2004 జనవరిలో వచ్చింది. దాని మూడో సెక్షన్ ప్రకారం, కోడ్ ఇచ్చిన ప్రతి ఒక్కరూ ఆ కోడ్‌కి తగిలే తమ పేటెంట్లకు అందరికీ అనుమతి ఇచ్చినట్టే. ఈ కోడ్ నా పేటెంట్‌ని ఉల్లంఘిస్తోందని ఎవరైనా దావా వేస్తే వాళ్లకున్న పేటెంట్ అనుమతి ఆ రోజే పోతుంది. 2007 జూన్ 29న వచ్చిన జి.పి.ఎల్. అనే ఇంకో ఓపెన్ సోర్స్ లైసెన్సు మూడో వెర్షన్‌లో 11వ సెక్షన్ అదే పని ఇంకాస్త గట్టిగా చేస్తుంది. అంతకుముందు ఏడాది నవంబరులో మైక్రోసాఫ్ట్, లైనక్స్ అమ్మే నొవెల్ తమలో తాము పేటెంట్ ఒప్పందం చేసుకున్నాయి. ఒక కంపెనీ కస్టమర్లకి మాత్రమే రక్షణ కొనిపెట్టే అలాంటి బేరాలని ఆపడానికి అందులో మాటలు చేర్చారు.

లైసెన్సు పేరు ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి, పక్కన పెట్టిన కాగితం కూడా చూడాలి. రియాక్ట్ అనే వెబ్ లైబ్రరీకి ఫేస్‌బుక్ బీఎస్‌డీ లైసెన్సుతో పాటు తన సొంత పేటెంట్ పత్రం జతచేసింది. అందులోని షరతులు నచ్చక 2017 జూలైలో అపాచీ ఫౌండేషన్ తన ప్రాజెక్టుల్లో దాన్ని వద్దంది. సెప్టెంబరుకల్లా ఫేస్‌బుక్ ఎం.ఐ.టి.కి మారింది.

నేనూ అపాచీకి మారదామనుకున్నాను. ఎం.ఐ.టి. పాత కోడ్‌ని దాని నోటీసు ఉంచుకుని అపాచీ ప్రాజెక్టులో కలుపుకోవచ్చు. కానీ పాత ముక్కలకి పేటెంట్ అనుమతి కావాలంటే వాటిని రాసినవాళ్లు ఒప్పుకోవాలి. పద్నాలుగు మంది ఉన్నారు. పన్నెండు మంది వారంలో సరే అన్నారు. ఒకాయన మూడు నెలలకి "ఏ ప్రాజెక్టు?" అని అడిగి, ఆపైన సరే అన్నారు. పద్నాలుగో మనిషి మెయిల్ తిరిగొచ్చింది. ఆయన రాసింది రెండు వందల లైన్లు, ఆ తిరగేసిన అంకెల ఇండికేటర్ కోసం. కూర్చుని మళ్లీ రాశాను, ఆయన కోడ్ చూడకుండా, యంత్రం మాన్యువల్ మాత్రమే ముందు పెట్టుకుని. మీరు ఈ రోజు కొత్త ప్రాజెక్టు మొదలుపెడుతుంటే మొదటి రోజే అపాచీ 2.0 గానీ జి.పి.ఎల్. మూడు గానీ పెట్టేయండి, ఈ ఏడుపు తప్పుతుంది.

ఒకటి మాత్రం నిజం చెప్పాలి. ఏ లైసెన్సూ బయటివాడి పేటెంట్‌ని ఆపదు. మా కుర్రాడికి నోటీసు ఇచ్చినవాళ్లు నా ప్రాజెక్టుకి ఒక్క లైను కూడా ఇవ్వలేదు. లైసెన్సు ఆపేది లోపలివాళ్లని.

బయటి పెద్ద కంపెనీల విషయంలో కొంత పనికొచ్చేది ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్. 2005లో ఐబీఎం, నొవెల్, ఫిలిప్స్, రెడ్ హ్యాట్, సోనీ కలిసి పెట్టాయి. లైనక్స్‌కి సంబంధించినవని వాళ్లు జాబితా వేసిన ప్యాకేజీల మీద సభ్యులు ఒకరిమీద ఒకరు పేటెంట్లు వాడరు. నేను చేరినప్పుడు ఫీజు లేదు. 2007లో ఓపెన్ సోర్స్ తన పేటెంట్లు 235 ఉల్లంఘిస్తోందన్న మైక్రోసాఫ్టే 2018 అక్టోబరులో అరవై వేల పేటెంట్లతో వచ్చి అందులో చేరింది. నేనూ సంతకం పెట్టాను. ఆ మర్నాడు ఏమీ మారలేదు. సరుకు చేయకుండా నోటీసులు మాత్రమే పంపేవాళ్లు ఇందులో చేరరు కదా.

గోడ ఉంటే పక్క సందులోంచి

పేటెంట్ ఉందని ఖాయంగా తెలిసిన చోట మూడు దారులున్నాయి. ఓపెన్ సోర్స్ మూడింటిలోనూ నడిచింది.

మొదటిది వేరే పద్ధతి కనిపెట్టడం. జిఫ్ బొమ్మల్లో వాడే ఎల్‌జెడ్‌డబ్ల్యూ కుదింపు మీద యూనిసిస్ కంపెనీకి పేటెంట్ ఉండేది. 1994 చివర్లో ఫీజు అడగడం మొదలుపెట్టారు. కొద్ది నెలల్లో కొందరు కూర్చుని పి.ఎన్.జి. అనే కొత్త బొమ్మల ఫార్మాట్ తయారుచేశారు. ఇవాళ మీ ఫోన్ స్క్రీన్‌షాట్ పి.ఎన్.జి. అయితే దాని వెనక ఆ కోపం ఉంది. 2009లో దారి చూపే పరికరాల కంపెనీ టామ్‌టామ్ మీద మైక్రోసాఫ్ట్ ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లు దాచే పద్ధతి) పేటెంట్లతో దావా వేసినప్పుడు ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ప్రోగ్రామర్ క్లెయిమ్‌ని మాకులాగే ముక్కలు చేశాడు. ఒకే ఫైలుకి పొడుగు పేరు, పొట్టి పేరు రెండూ రాస్తేనే అది తగులుతుంది. రెండూ ఒకేసారి రాయకుండా లైనక్స్‌కి ప్యాచ్ (చిన్న కోడ్ సవరణ) తయారుచేశాడు. ఆ పేటెంట్ పత్రం మొత్తానికి జవాబు ఒక చిన్న ప్యాచ్.

రెండోది వేచి ఉండటం. పేటెంట్ ఆయుష్షు దరఖాస్తు నుంచి 20 ఏళ్లు. ఎంపీ3 లైసెన్సు ఫీజుల వ్యవహారం 2017 ఏప్రిల్ 23న ముగిసింది. అదే ఏడాది ఫెడోరా అనే లైనక్స్‌లో ఎంపీ3 పూర్తిగా చేరింది.

మూడోది విడగొట్టడం. అనుమానం ఉన్న భాగాన్ని ప్లగిన్‌గా (కావాలంటే తగిలించుకునే ముక్కగా) వేరే రిపోజిటరీలో పెట్టడం. ఫెడోరా 2022లో హెచ్.264, హెచ్.265 వీడియోల హార్డ్‌వేర్ సాయాన్ని మెసా అనే గ్రాఫిక్స్ ప్యాకేజీలోంచి తీసేస్తే, కావలసినవాళ్లు ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి భాండాగారం నుంచి తెచ్చుకుంటున్నారు. సిస్కో 2013లో ఇంకో ఉపాయం చేసింది. ఓపెన్ హెచ్.264 అనే కోడెక్‌ని (వీడియోని కుదించి, విప్పే ప్రోగ్రాముని) తానే కంపైల్ చేసి, దాని పేటెంట్ ఫీజు తానే కడుతూ ఉచితంగా పంచింది. ఫైర్‌ఫాక్స్ దాన్ని దించుకునేది అందుకే. ముందు ముందు ఎక్కువ గొడవలు వచ్చేది ఈ వీడియో దగ్గరే అని నా అంచనా. ఫీజు లేని ఏవీ1 కోడెక్ 2018లో వచ్చింది గానీ, దాన్ని తయారుచేయడానికి 2015లో ఎన్నో పెద్ద కంపెనీలు ఒక కూటమిగా కూడాల్సి వచ్చింది. పదిమంది కుర్రాళ్లు కూర్చుని పి.ఎన్.జి. చేసిన రోజులు కావివి.

మా కథ ఎక్కడిదాకా వచ్చిందంటే

లాయరు రెండు పేజీల జవాబు, దాని వెంట మా ఐదు ముక్కల పట్టిక, వేబ్యాక్ పేజీ ప్రింటు పంపారు. అవతలి నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు. "గెలిచాం" అని రాసిచ్చే కాగితం కూడా రాలేదు. ఇలాంటివి ఇలాగే ఆగిపోతాయట. లాయరు ఫీజు మాత్రం వచ్చింది. కుర్రాడు కట్టాడు, సగం నేనిస్తానంటే ఊరుకోలేదు.

మూడేళ్ల తర్వాత నంద్యాల నుంచి ఒక పాలిటెక్నిక్ విద్యార్థి పుల్ రిక్వెస్ట్ (నా కోడ్‌లో కలపమని కొత్త కోడ్) పంపాడు. చూస్తే గుండె గుభేల్‌మంది. లారీ ఫోటోలోంచి నంబర్ ప్లేటు చదివే కోడ్. అచ్చంగా "ఈ" ముక్క. పైగా బాగా రాశాడు. మట్టి కొట్టుకుపోయిన ప్లేట్ల మీద కూడా పదింటికి ఎనిమిది సరిగ్గా చదువుతోంది.

కలపలేదు, కాదనలేదు. ప్లగిన్‌గా విడగొట్టి, వాడి పేరు మీదే వేరే రిపోజిటరీ పెట్టించాను. అమెరికాలో అమ్మేవాళ్లు దాన్ని తగిలించుకోకుండా అసలు లైబ్రరీ మాత్రమే వాడుకోవచ్చు. ఆ పేటెంట్‌కి ఇండియాలో దరఖాస్తే పెట్టలేదు కాబట్టి పిడుగురాళ్ల దగ్గర రెండు సున్నపు బట్టీల కాటాల మీద అది ఇప్పటికే నడుస్తోంది.

"సార్, మెయిన్‌లో ఎప్పుడు కలుపుతారు?" అని వాడు ఆరు నెలలకోసారి అడుగుతాడు. 20 ఏళ్ల లెక్కన 2031 మార్చి. కానీ అమెరికాలో పేటెంట్ బతికుండాలంటే మంజూరైన మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్లకి రుసుము కట్టాలి, ఆపైన ఆరు నెలలు జరిమానాతో గడువు. ఇది మంజూరైంది 2014 జూన్. నోటీసులు పంపి డబ్బులు రాని పేటెంట్‌కి మూడో విడత కడతారా? ఆ ఆఖరి గడువు 2026 జూన్ అని వాడికి చెప్పాను. వాడు ఫోన్‌లో అలారం పెట్టుకున్నాడు.